కష్టమైన లెక్క వస్తే

కాలేజీలో చేరేవాళ్లను ఏ క్లాసులో వేయాలో తేల్చే గది. బల్లకు అటు ఆ పని చూసే మేడమ్. ఇటు, పక్క గదిలో కంప్యూటర్ మీద లెక్కల పరీక్ష రాసి వచ్చిన అమ్మాయి.

“అయిపోయింది అంటే ఏమైపోయింది?”

“పరీక్ష, మేడమ్.”

“పరీక్ష అవలేదమ్మా. మధ్యలో లేచొచ్చావు.”

“అయిపోయిందనే లేచాను.”

“టైముంది. ప్రశ్నలున్నాయి. కుర్చీ ఉంది. కూర్చునే మనిషే లేదు.”

“ఫౌండేషన్ క్లాసులో వేసేయండి మేడమ్. సంతకం ఎక్కడ పెట్టాలి?”

“ఆగు. తొందరేంటి? ఫౌండేషన్ అంటే ఏంటో తెలుసా?”

“తెలుసు. భిన్నాలు, దశాంశాలు, శాతాలు. ఏడాది.”

“ఆ ఏడాది మార్కులు కోర్సులో కలవవు. అదీ తెలుసా?”

“తెలుసు.”

“నువ్వడిగింది ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు. ఈ పరీక్ష గట్టెక్కితేనే అందులోకి. ఏడాది తరవాత ఆ సీటు నీకోసం ఉంటుందని నేను చెప్పలేను.”

“ఉండదు లెండి.”

“ఎంత తేలిగ్గా అంటున్నావ్!”

“బరువుగా అంటే ఇస్తారా?”

“నోరు బానే ఉంది. ఒంట్లో బాలేదా? కళ్లు తిరిగాయా?”

“లేదు.”

“ఫోనొచ్చిందా?”

“ఫోను బయటే పెట్టించారు కదా.”

“పక్కవాళ్లెవరైనా ఏమన్నా అన్నారా?”

“ఎవరి గొడవ వాళ్లది మేడమ్ అక్కడ.”

“మరెందుకు లేచావు?”

“తప్పాను కాబట్టి.”

“నీకెవరు చెప్పారు?”

“ఎవరూ చెప్పక్కర్లేదు. తెలిసిపోతుంది.”

“ఎలా?”

“తెలిసిపోతుంది మేడమ్.”

“అదే, ఎలా అంటున్నా.”

“కష్టమైనవి రావడం మొదలెట్టాయి.”

“వస్తే?”

“వస్తే తప్పినట్టే కదా. మొదట్లో తేలికవి ఇస్తుంది. మనం తప్పు చేశామనుకోండి, దానికి కోపమొస్తుంది. కష్టమైనవి ఇస్తుంది. అదీ తప్పితే ఇంకా కష్టమైనవి. మనం లేచిపోయేదాకా.”

“దానికి అంటే ఎవరికి?”

“కంప్యూటర్‌కి.”

“కంప్యూటర్‌కి కోపం వస్తుందా?”

“మాస్టార్లకి రాదా? బోర్డు దగ్గర తప్పు చేస్తే, అయితే ఇది చెయ్యి చూద్దాం అని ఇంకా పెద్దది ఇచ్చేవారు. అందరూ నవ్వేదాకా నిలబెట్టేవారు.”

“ఇలా రా. ఈ స్క్రీన్ చూడు. నువ్వు రాసిందే.”

“వద్దు మేడమ్.”

“చూడమంటున్నా. ఈ పచ్చ గీతలేంటి?”

“తెలీదు.”

“నువ్వు కరెక్టు చేసినవి. ఎర్రది ఒకటి చూపించు నాకు.”

“కింద ఉన్నాయి కదా.”

“అవి నువ్వు ముట్టుకోనివి. వదిలేసినవన్నీ తప్పు కింద పడతాయి. ముట్టుకున్నవాటిల్లో చూపించు.”

“లేదు.”

“లేదు. ఒక్కటి కూడా లేదు. సరిగ్గా చేస్తే ఇంకాస్త కష్టమైంది ఇస్తుంది. తప్పు చేస్తే తేలికది ఇస్తుంది. దాని పద్ధతి అంతే. నువ్వెంత దూరం వెళ్లగలవో చూస్తుంది. వింటున్నావా?”

“వింటున్నా.”

“కష్టమైనవి వచ్చాయంటే నువ్వు బాగా చేస్తున్నట్టు.”

“ఆఁ.”

“ఆఁ ఏంటి? సంతోషం లేదా?”

“లోపలికి పంపేముందు చెప్పరా ఇది?”

“మొదటి పేజీలో ఉంటుంది. ఎవరూ చదవరు. నొక్కేసి ముందుకెళ్తారు.”

“మీరు చెప్పరా?”

“రోజూ ఎంతమంది వస్తారో తెలుసా ఇక్కడికి?”

“అడిగానంతే.”

“సరే, విను. మధ్యాహ్నం మళ్లీ రాయిస్తాను. కారణం ఏదో ఒకటి నేను వేస్తాను. ఎంత కష్టమైంది వచ్చినా లేవకూడదు. సరేనా?”

“మామూలుగా ఎన్నో ప్రశ్న నించి వస్తాయి మేడమ్, కష్టమైనవి?”

“ఎందుకు?”

“ఊరికే.”

“మనిషిని బట్టి. బాగా వచ్చినవాళ్లకి తొందరగా మొదలవుతాయి.”

“నాలుగో దానికే వస్తే?”

“నీకు నాలుగో దానికి రాలేదే. చాలా తరవాత వచ్చాయి.”

“నాకు కాదు.”

“నాలుగో దానికే అంటే... అలాంటివాళ్లు తక్కువ. ఏ ఒకరో ఇద్దరో. వాళ్లకి ఫౌండేషన్ దేనికి, నేరుగా పై క్లాసే. ఎవరికొచ్చాయి?”

“మా అక్కకి. తనూ ఇక్కడే రాసింది. పొద్దున తల దువ్వుతూ అదే చెప్పింది. కష్టమైనవి వస్తే తప్పినట్టే, పిచ్చిదానా, అక్కడే కూర్చుని ఏడవకు, లేచొచ్చెయ్ అని.”

“మీ అక్క ఏ కోర్సుకొచ్చింది?”

“నర్సింగ్‌కి. ఫౌండేషన్‌లో వేశారు. భిన్నాలు చెప్తుంటే నిద్రొచ్చేదట. శ్రద్ధ లేదన్నారు. ఏడాది చివర మళ్లీ ఇదే పరీక్ష పెట్టారు. మళ్లీ మొదట్లోనే కష్టమైనవొచ్చాయి. మళ్లీ లేచింది.”

“తరవాత?”

“ఇంకో ఏడాది కూర్చోమన్నారు. ఇంక రాలేదు.”

“ఇప్పుడేం చేస్తోంది?”

“ఆసుపత్రిలోనే. లాండ్రీలో, దుప్పట్లు. ఆసుపత్రిలో ఉద్యోగం అన్నాను, వచ్చింది కదే, ఇంకేం కావాలి అంటుంది. బాగా నవ్విస్తుంది లెండి.”

“ఎప్పటి మాట ఇది?”

“నేను చిన్న బళ్లో ఉన్నప్పుడు. అప్పుడు కూడా మొదటి పేజీలో ఉండేదా మేడమ్, ఆ మాట?”

“ఉండేది.”

“ఓహో.”

“కాసిని మంచినీళ్లు తాగుతావా?”

“వద్దు. మధ్యాహ్నం ఏ టైముకి రమ్మంటారు?”

“భోజనాలవగానే రా. లేవవు కదా?”

“లేవను.”

“చూడు తల్లీ, మీ అక్కని ఒకసారి తీసుకురా. ఇక్కడ వయసు అడ్డం కాదు. ఇందాక నీకు చెప్పినట్టే తనకీ చెప్తాను. నేను చెప్తాను.”

“బయట బెంచీ మీదే ఉంది మేడమ్. సెలవు పెట్టి వచ్చింది, నేను ఏడుస్తానేమోనని.”

“అయితే పిలువు, ఇప్పుడే చెప్తా.”

“వద్దు మేడమ్. మళ్లీ ఎందుకు రాయిస్తున్నారని అక్క అడిగితే, కంప్యూటర్ చెడిపోయిందని చెప్పండి.”