జనాభా లేని సముద్రం: శ్రీ సూరాడ ధనరాజు గారి కోపానికి అభినందన

1981వ సంవత్సరం జూలై 6వ తేదీన శ్రీకాకుళం టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సాంకేతిక సహాయకునిగా ఉద్యోగ జీవితాన్ని ఆరంభించిన శ్రీ సూరాడ ధనరాజు గారు, సుదీర్ఘ సేవానంతరం, ఈ 2019 జూన్ నెలాఖరున విజయనగరం కార్యాలయం నుంచి ఇంజనీరుగా పదవీ విరమణ చేస్తున్నారు. ఇటువంటి సన్మాన సంచికలలో విరమణ చేసే వారందరూ మృదుభాషులు, స్మితవదనులు, అజాతశత్రువులు. ఆ విశేషణాలలో ఒక్కటంటే ఒక్కటి ధనరాజు గారికి నప్పదు. ఆయన కోపిష్ఠి. ఆ కోపం ఎందుకు వచ్చిందో, ఎవరు తెప్పించారో రాయకుండా ఆయనను పొగడటం ఆయనను అవమానించడమే అవుతుంది. "కాస్త తీపిగా రాయండి" అని సంచిక సంఘం వారు సెలవిచ్చారు. తీపి కావలసిన వారికి సభానంతరం లడ్డూలున్నాయి.

భోగాపురం తీరాన ఒక మత్స్యకార పల్లెలో జన్మించి, తండ్రి వేట మీద, తల్లి చేపల గంప మీద సాగిన సంసారంలో పెరిగి, ఆ పల్లె నుంచి పాలిటెక్నిక్ చదివిన ప్రథముడిగా ఆయన ఉద్యోగంలో చేరారు. శ్రీకాకుళంలో తొలి పాఠాలు నేర్చి, తొంభైలలో శృంగవరపుకోట ఎక్స్ఛేంజి బాధ్యతలు వహించి, వానకు తడిసి మూగబోయిన తీగలను కొండల వెంట నడిచి పలికించారు. ఆ రోజుల్లోనూ అరిచేవారు. అయితే అప్పట్లో ఆయన అరుపులు తీగల మీద, నిచ్చెనల మీద, సమయానికి రాని జీపు మీద.

మొబైల్ యుగం వచ్చాక పాతపట్నంలో తొలి టవరును అమర్చే బాధ్యత ఆయనకు అప్పగించారు. టవరు అడుగున గదిలో ఉండే యంత్రమే బేస్ స్టేషన్. ఎంత శక్తితో ప్రసారం చేయాలి, కదిలిపోతున్న ఫోనును ఏ పక్క టవరుకు అప్పగించాలి, ఎంత దూరం నుంచి వచ్చే పిలుపును స్వీకరించి ఎంత దాటితే తోసిపుచ్చాలి అనే సంగతులన్నీ ఆదేశాల రూపంలో దానికి నేర్పాలి. ఆ ఆదేశాలను ఒక్కొక్కటిగా కొట్టుకుంటూ కూర్చున్న కాలంలో, వాటన్నిటినీ వరుసగా పేర్చి ఒక్క మీటతో టవర్లన్నిటికీ పంపే స్క్రిప్టులను మన కార్యాలయంలో మొట్టమొదట రాసినవారు ధనరాజు గారే. ఆయన కొత్తదనానికి శత్రువని పుకారు పుట్టించిన మహానుభావులు ఈ వాక్యాన్ని రెండుసార్లు చదువుకోవాలి.

ఆయనకొక పద్ధతి ఉండేది. ఏ స్క్రిప్టు పంపినా, పంపిన వెంటనే ఆయా టవర్ల కింద ఉండే మనుషులకు ఫోన్ చేసి ఎలా ఉందని అడిగేవారు. శృంగవరపుకోటలో ఒక టీ కొట్టు యజమాని, పాతపట్నంలో ఒక పోస్టుమాస్టరు, తీరంలో స్వయానా ఆయన అక్క బుల్లమ్మ గారు. వేటకు వెళ్ళిన బోట్లు ఒడ్డుకు ఎంతెంత దూరాన తిరుగుతాయో ఎరిగినవారు కనుక, సముద్రం వైపు చూసే టవర్లన్నిటికీ ఆ దూర పరిమితిని బాగా పెంచి ఉంచారు. నడిసంద్రంలోంచి మగడు ఫోన్ చేస్తే, ఎంత సరుకు పడిందో విని, ఒడ్డున భార్య బేరం మొదలుపెట్టేది. గాలి మారితే ఒడ్డు నుంచి కబురు వెళ్ళేది. ఆ కబురే ప్రాణాధారం.

2016లో, తీరమెరుగని ప్రధాన కార్యాలయపు ప్రణాళికా విభాగం వారు రాష్ట్రమంతటికీ ఒకే కొలతలతో ఒక స్క్రిప్టు తయారు చేశారు. ఒక మధ్యాహ్నం అది మన జిల్లా మీదుగా నడిచింది. తీరప్రాంతపు టవర్ల దూర పరిమితి పట్టణం నడిబొడ్డున ఉండే టవరు స్థాయికి కుదించుకుపోయింది. దాని ఫలితం వినండి. సముద్రంలో ఉన్నవాడి ఫోనులో సిగ్నల్ గీతలు నిండుగా కనిపిస్తాయి, నొక్కితే మాత్రం కాల్ పోదు, ఒడ్డు నుంచి చేసినా తగలదు. టవరు వాడి పిలుపు వింటుంది, దూరం చూసి కాదంటుంది. అలా కాదన్న పిలుపులు విఫలమైన కాల్స్ లెక్కలోకి రావు. అందుచేత నివేదికలో మన జిల్లా సాఫల్య శాతం అమాంతం పెరిగింది! "విజయనగరానికి హార్దిక అభినందనలు" అంటూ మర్నాడే సందేశం వచ్చింది. చెవులు మూసుకుని ఊరంతా నిశ్శబ్దంగా ఉందని సంతోషించడమంటే ఇదే.

ఆ సందేశం చదువుతుండగానే బుల్లమ్మ గారి ఫోన్ వచ్చింది.

"ఒరే తమ్ముడా, రేడియోలో వాయుగుండమంతన్నారు. మీ బావ నిన్ననగా ఎల్లినాడు. పొద్దున్నుంచీ కొడతన్నాను, తగలట్లేదురా. ఏటి సేసేది?"

"వేరే బోట్లకి కొట్టినావా?"

"అందరికీ కొట్టినాం. ఒక్కడికీ తగలట్లేదు. ఆళ్ళ పెల్లాలందరూ నా సుట్టే ఉన్నారు. ఏదో ఒకటి సెప్పరా!"

ధనరాజు గారు అమరికలు తెరిచి చూశారు. చూసిన క్షణంలోనే విషయం బోధపడింది. ముఖం కందగడ్డ అయింది. ప్రణాళికా విభాగాధికారి శ్రీనాథ్ గారికి ఫోన్ చేసి, తీరపు టవర్లను తక్షణం మినహాయించమని అడిగారు.

"అక్కడ జనాభా సున్నా అండీ," అన్నారు శ్రీనాథ్ గారు తాపీగా. "మ్యాపు చూడండి. అంతా నీలిరంగే."

"ఆ నీలిరంగులో మా బావ ఉన్నాడయ్యా! బోట్ల నిండా మనుషులున్నారు!"

"విడిగా మినహాయింపులు ఇవ్వలేమండీ. ప్రతిపాదన పంపండి, వచ్చే నెల సమీక్షలో పెడదాం."

"వచ్చే నెల దాకా ఆగమని గాలికి నువ్వు సెప్తావా, నన్ను సెప్పమంటావా?"

ఫోన్ పెట్టేసిన చప్పుడుకు పక్క గదిలోని వారు లేచి వచ్చారు. కందకు లేని దురద కత్తిపీటకెందుకని హితవు చెప్పినవారు అప్పుడూ ఉన్నారు, ఈ సంచిక చదువుతూ ఇప్పుడూ ఉన్నారు. ధనరాజు గారు ఎవరి మాటా వినలేదు. అనుమతి అడగలేదు. తీరపు టవర్ల పేర్లన్నీ పేర్చి, పాత పరిమితిని తిరిగి పెట్టే స్క్రిప్టు తానే రాసి, తన పేరు మీదనే నడిపించి, అక్కకు ఫోన్ చేశారు. "ఇప్పుడు కొట్టక్కా."

మళ్ళీ ఫోన్ మోగేవరకు ఆయన కుర్చీలో కూర్చోలేదు. మోగింది. "ఎత్తినాడురా! బోటు తిప్పేసినారంట! మిగతావోళ్ళకీ కబురెట్టేసినాడంట!" అటునుంచి ఆడవాళ్ళ ఏడుపో నవ్వో తెలియని గోల గదంతా వినిపించింది.

బోట్లు సాయంకాలానికి ఈదురుగాలిలో ఒడ్డెక్కాయి. తీరంలో ఎదురుచూస్తున్న ధనరాజు గారు బావ ఎల్లాజీ గారిని కౌగిలించుకుంటారని అందరూ అనుకున్నారు. ఆయన విరుచుకుపడ్డారు.

"ఏటి బావా, ఆకాశం సూసి తిరిగి రావాలని తెల్దా? బుర్రుందా నీకు?"

"గీతలన్నీ ఉన్నాయి బావా. నొక్కితే పోదు. టవరుకి మామీద ఏటి కోపమొచ్చినాదో అనుకున్నాం," అన్నారు ఎల్లాజీ గారు చలికి వణుకుతూ.

 ధనరాజు గారు ఆఫీసు పంట్లాముతోనే నీళ్ళలోకి దిగి, బోటు తాడు పట్టుకుని అందరితో కలిసి లాగారు. కళ్ళు ఎందుకు ఎర్రబడ్డాయని బుల్లమ్మ గారు అడిగితే ఇసుక పడిందన్నారు.

దీనికి సంస్థ ఇచ్చిన బహుమానం మెమో. అనుమతి లేకుండా అమరికలు మార్చుట, స్వబంధువుల ప్రయోజనార్థం అధికారాన్ని వినియోగించుట, ఉన్నతాధికారితో అమర్యాదగా సంభాషించుట. విచారణలో, "మీవాళ్ళ కోసమే కదా చేశారు?" అని ఒక పెద్దమనిషి వెటకారంగా అడిగారు. ఎంత మాట! సాటి మనిషి ప్రాణం కాపాడిన ఉద్యోగిని కులం, చుట్టరికం తవ్వి అడగవలసిన ప్రశ్నా అది?

"మావోళ్ళే," అన్నారు ధనరాజు గారు. "అక్కడ మీవోళ్ళుంటే మీరే సేసుందురు. లేరు గనకే అది మీకు నీలిరంగు."

ఆయనకు రావలసిన పదోన్నతి ఆగిపోయింది. ప్రణాళికా విభాగానికి ఆ సంవత్సరపు ఉత్తమ పనితీరు జ్ఞాపిక దక్కింది. పుండు మీద కారం చల్లడం ఎలాగో నేర్చుకోవాలంటే మన సంస్థలో చేరాలి. నాటి నుంచి నేటి వరకు, కొన్ని నెలలకొకసారి ఆ స్క్రిప్టు మళ్ళీ వస్తూనే ఉంది, తీరాన్ని మూగదాన్ని చేస్తూనే ఉంది. వచ్చిన ప్రతిసారీ ధనరాజు గారు సరిదిద్దుతూనే ఉన్నారు. మెమోకు జవాబు రాయడం ఆయనకు పళ్ళు తోముకోవడమంత అలవాటైపోయింది. తీరపు టవర్లను మినహాయిస్తూ ఒక్క ఉత్తర్వు ఇస్తే ముగిసిపోయే వ్యవహారం ఇది. అడిగితే "పరిశీలనలో ఉంది" అంటారు, నిమ్మకు నీరెత్తినట్లు.

ఈ నెలాఖరుతో బేస్ స్టేషన్ల మీద ఆయన అధికారం ముగుస్తుంది. కొత్త స్క్రిప్టు జూలైలో రానున్నది. ఏటా వేసవిలో పాటించే వేటవిరామం అప్పటికి తీరిపోయి, బోట్లన్నీ సముద్రం మీదనే ఉంటాయి. సన్మానానికి ఆహ్వానించబోయిన మన సంఘ సభ్యులతో ఆయన, "శాలువా ఎందుకురా నాకు? ఆ ఆర్డరు తెండి, అదే కప్పుకుంటాను," అన్నారు.

వేదికను అలంకరించిన పెద్దలారా, ఆ ఉత్తర్వు మీ దగ్గర నుంచి రాలేదు. కనుక విజయనగరం కార్యాలయ సిబ్బంది యావన్మందీ ఒక నిర్ణయానికి వచ్చి, దానిని ఈ సంచిక ముఖంగా తెలియజేస్తున్నారు. జూలైలో మీ స్క్రిప్టు నడిచిన మరుక్షణం, ఆ పూట విధుల్లో ఎవరుంటే వారు, తీరపు టవర్లను యథాస్థితికి తెస్తారు. తమ పేరు మీదనే తెస్తారు. మెమోలు అందరికీ సరిపడా అచ్చు వేయించుకోండి.

శ్రీ ధనరాజు గారు, సహధర్మచారిణి శ్రీమతి ఉష గారితో కలిసి, ఆరోగ్యభాగ్యంతో, తరగని ఆయుష్షుతో, తగ్గని కోపంతో చిరకాలం వర్ధిల్లాలని మనసారా కోరుకుంటున్నాం. ఇక తీరిక దొరికింది గనుక, బావగారి బోటెక్కి సముద్రం మీదకు వెళ్ళాలి. ఒడ్డు కనబడనంత దూరం వెళ్ళాక, అక్కడి నుంచి మన ఆఫీసుకు ఫోన్ చేయాలి. పలుకుతాం.