పటానికి పెట్టిన బొట్టు

మశూచి రోగులను వెదకుటకు శిక్షణ పొందుతున్న యువతి, సూర్యాపేట దవాఖానలో నర్సమ్మ ముందు ఇంటింటా చూపించే రోగి పటం ఉంచి తల వంచుకొంది. పటంలోని రోగి నుదుట కుంకుమ మెరుస్తోంది.

“అక్కా, రేపు విదేశీ డాక్టరు నా పని సూస్తడు. పటం గిట్ల ఖరాబైంది. నౌకరి పోతదా?”

“బొట్టెవరు పెట్టిన్రు?”

“చివ్వెంల ఊర్ల లింగమ్మ. గిసొంటి జబ్బు ఎవరికన్న ఉన్నదా అని నువ్వు నేర్పినట్టే అడిగిన. జవాబియ్యలే. బొట్టు పెట్టి, ‘సల్లగ సూడు తల్లీ’ అని మొక్కింది.”

“తక్కినోళ్లు గూడ మొక్కిన్రా?”

“లేదు. ఆమె ఒక్కతే.”

“ఇంట్లకు రానిచ్చిందా?”

“మనుమడు పండుకున్నడు, రావద్దన్నది… అక్కా!”

“జవాబిచ్చింది పిల్లా. నువ్వే వినలే.”

“పటం తుడువనా?”

“ఉండనీ. టీకాల సంచి తియ్యి, చివ్వెంల బస్సు పోతది.”