ఆఖరి టెస్ట్ కాల్

కొత్త వీడియో కాల్ యాప్ ఆ మధ్యాహ్నమే విడుదల. ప్రోగ్రాం రాసింది ఆమె. అందులో తప్పులు పట్టేది ఇంకో ఊళ్లో ఉన్న టెస్టర్. రెండేళ్లుగా రోజూ పదకొండింటికి ఇద్దరూ కాల్ కలిపి చూస్తున్నారు.

“వినిపిస్తున్నానా?” అడిగిందామె.

“బాగా. కనిపిస్తున్నానా?”

“కొత్త చొక్కాతో సహా.”

“ఆఖరి కాల్ కదండీ. రేపట్నుంచి ఈ పని మెషీనే చేసేస్తుందట.”

“హమ్మయ్య! అదైతే మీలా నా బుర్ర తినదు.” నవ్వబోయింది గానీ ఆమెకు నవ్వు రాలేదు. “ఇంకేమైనా తప్పులు మిగిలాయా?”

“ఒకటుంది. కాల్ కట్ చేశాక కూడా మీరు సాయంత్రం దాకా నా కళ్లముందే ఉంటున్నారు.”

“...ఎప్పట్నుంచి?”

“ఏడాది పైనే.”

“మరి రిపోర్టు చేయలేదేం?”

“మీరు సరిచేసేస్తారేమోనని.”

ఆమె గబుక్కున కెమెరా ఆపేసింది. మైకు ఆపడానికి మాత్రం చేతులు రాలేదు.