కొండి లేని తేలు

హలో… ఆ, నేనేలే లీలా, మీ అక్కను. ఆళ్లగడ్డ పోస్టాఫీసు నుంచి… ఎవురూ సావలేదు. అందరం బాగుండాం. ట్రంకు కాలంటే సావు కబురేనా ఏంది?

మూడు నిమిషాలే ఇచ్చినారు. నడమన మాట్లాడొద్దు.

ఈడికి నాటకాల కంపెనీ వచ్చింది… నాటకానికి కాదు, పగలే పోయినా. అడివి బొమ్మ గీసిన తెరను ఎండకేసినారు… మన నల్లమల కాదు, మాయల అడివి. చెట్లకు దీపాలు కాసినాయి. జింకలకు మనుషుల కండ్లు… నాకు మతి బాగనే ఉంది.

నడమన పెద్ద మాను. దానికి కొమ్మల్లేవు, ఆడమనిషి చేతులుండాయి. ఒక చేతి మీద పచ్చబొట్టు… తేలు… అందరి అమ్మలకూ ఉంటాదిలే తేలు. కొండి లేని తేలు ఎవురికుండాది చెప్పు?

ఆ, అమ్మకే. నొప్పికి ఓర్వలేక చెయ్యి గుంజుకునె గదా, కొండి పొడవకుండానే లేచిపాయ ఆ పచ్చబొట్లామె…

వాడే. మన తమ్ముడు బాలస్వామే. తెర గీసింది వాడే… చూసినా. తాళ్లు కడతాండాడు. తలంతా నెరిసింది… పలకరించలేదు. భయమయింది. యుద్ధం రోజుల్లో పోయినోడు, పద్నాలుగేండ్లకు కనపడితే, పిలిచి మళ్లా పోగొట్టుకోమంటావా?

నాలుగింటికి బండ్లు కట్టుకోని కడపకు పోతారంట.

విను. ఆ చేతుల మీద రెండు పక్షులుండాయి. రెక్కలో తల పెట్టుకోని వణుకుతాండేది నేను… నోరు తెరిచింది నువ్వు… నా మీద అరిస్తే ఏమొస్తాది, గీసినోణ్ణి అడుగు. అమ్మ పోయిన మూడోనాటికి గానీ రాలేదని, వాకిట్లో నిలబడి "ఇంక ఈ గడప తొక్కొద్దు" అంటివి. ఆ నోరే అది.

వాడా?… తెరలో యాడా లేడు. అంతా వెతికినా. మాను కింద కాలి గుర్తులుండాయి, అంతే… పోయే అడుగులు కాదు, వచ్చేవే. వంగి చూసినా. వేళ్లు మాను దిక్కుకుండాయి.

నేను రమ్మంటే రాడు లీలా. వద్దన్నది నువ్వు.

…లీలా?… ఉండావా?

అయ్యా, కట్ చెయ్యొద్దు, ఒక్క నిమిషం, లైన్లోనే ఉంది…

ఏందీ?… తరమడం లేదా?… నోరు తెరిచింది పిలిచేదానికా?… పద్నాలుగేండ్లుగా పిలుస్తానే ఉందా ఆ పక్షి?

తెర చూడకుండానే చెప్తాండావే… సరే, సరే. ఏడ్వొద్దు, మాట తెలీడం లేదు. ఒంటిగంట బస్సుంది, శిరివెళ్ల మీద వచ్చేది. ఎక్కు… చీర మార్చుకోకపోతే ఏమీ కాదు, ఎక్కు.

అంతవరకూ వానికి ఏం చెప్పల్ల?…

ఆ… ఆ… "నీ పక్షిని నువ్వే తప్పు సదువుకున్యావురా" అని… అంతేనా?… అట్లనే చెప్… హలో?… హలో?

కట్టయింది అయ్యా… వద్దులే, మళ్లా కలపొద్దు. చెప్పల్సింది చెప్పింది. ఇదో, పట్టుకో నీ ఫోను. వాడు తాళ్లు విప్పేలోపల నేను పోవల్ల.