గులాబ్‌బీ గొంతు

ఏందే బిడ్డా, దవాఖానల ఊపిరి తీసుడు నేర్పుతున్నరా నీకు? గది మన సిద్దిపేటల ఎనుకట్నే అయింది, గీ ముందటి అర్రల్నే. అనసూర్య సిస్టరని, పట్నంల ట్రైనింగయి వచ్చింది. కడుపుతోనున్నోళ్లను చాపల మీద పండవెట్టి, 'భుజాలు ఒదులున్రి, పండ్లు కొరకకున్రి, నొప్పొస్తే నోరు తెరిచి గాలి ఇడువున్రి' అనేది. మొగోన్నని నన్ను అరుగు మీద కూసోవెట్టిన్రు. నా ఇంట్ల నేనే బయట.

మొదటి దినమే లొల్లి. సిస్టర్ అందరిని ఉత్తరం దిక్కు తలవెట్టి పండవెట్టి, మీదికెల్లి తెల్లదుప్పట్లు కప్పి, కండ్లు మూసుకోమన్నది. పక్కింటి గులాబ్‌బీ తన కోడలు ఆబిదాను తోలుకొచ్చింది గదా, గడపల్నే నిలవడి మీ నానమ్మ చెవుల అన్నదట, 'ఏం రాధమ్మా, శవానికి కప్పినట్టు బతికున్నోళ్లకు కఫన్ కప్పుతరా?' ఉత్తరం తలేందని మనోళ్లు గూడ లేచిన్రు. తూర్పుకు తిప్పుదమంటే కాళ్లు పడమటికొస్తయ్, గటు ఖిబ్లా, నమాజు చేసే దిక్కు, వాళ్లు ఒప్పుకోరు. ఆఖరుకు దక్షిణం తల, పూలదుప్పటి. ఎవ్వలకు పేచీ లేదు.

గులాబ్‌బీ గోషా అంటే మాటలు కాదు. ఇరవై ఏండ్లు గోడకు గోడ, ఆమె గొంతు నా చెవుల వడలే. పరాయి మొగోడు ఇనొద్దని పట్టు. కోడలికి గూడ గదే నేర్పింది. మొదటి కాన్పుల ఆబిదా చెంగు నోట్ల కుక్కుకొని సప్పుడు రానియ్యలే. గా పిల్లగాడు దక్కలే పాపం. ఈసారన్న దక్కాలె అని గులాబ్‌బీకి ఒక్కటే రంది, గందుకే సిస్టర్ దగ్గరికి తోలుకొచ్చింది. 'నోరు తెరువు' అన్నప్పుడల్ల మాత్రం మొఖం తిప్పుకునేదట.

నొప్పులొచ్చిన్నాడు ఆమె కొడుకు నజీరు, నేను దవాఖాన వరండల ఉన్నం. లోపల సిస్టర్ ఒక్కటే మొత్తుకునుడు, 'నోరు తెరువమ్మా, ఊపిరి ఇడువు!' ఆబిదా తెరుస్తలేదు. అత్త దిక్కు చూసుడు, పండ్లు కొరుకుడు. తర్వాత సిస్టరే చెప్పింది గీ సంగతి. నజీరు, 'చాచా, మనం జర అవుతలికి పోదం' అన్నడు. లేచినం గూడ.

గప్పుడు లోపలికెల్లి కేక, పానం పోతున్నట్టు. ఆబిదా అనుకున్న. నజీరు గోడ పట్టుకొని, 'అమ్మీ' అన్నడు. అవునే, గులాబ్‌బీ! కోడలి చెయ్యి వట్టుకొని, ఏ నొప్పి లేకున్నా నోరంత తెరిచి అరిచింది. మళ్లొకపారి. గప్పుడు ఆబిదా గొంతు గూడ కలిసింది. దవాఖానంత ఇన్నది, కాంపౌండరు బయటికురికొచ్చిండు. నాకు కండ్లల్ల నీళ్లు తిరిగినయ్ బిడ్డా. జరసేపటికి ఇంకో గొంతు, పసిది.

గంతే. ఆమె పోయేదాక ఆమె గొంతు మళ్ల నాకు ఇనవడలే...

నీ ఛాయ సల్లారుతుంది, తాగు.