రెండో గుంపు

విశ్వవిద్యాలయంలో పెద్ద ప్రొఫెసరు గారి గది. టేబులుకి అటు ఆయన, ఇటు పరిశోధన సమన్వయం చూసే అమ్మాయి. మధ్యాహ్నం మూడు దాటింది.

"అబ్బబ్బ, ఆ ముక్క మళ్ళీ చదువమ్మా. ఆ కెటిల్ ముక్క."

"'రెండో గుంపులో అయిదుగురున్నారు. అందరివీ పక్కపక్క గదులే. ఎవరి గదిలో వాళ్ళకి టీ కెటిల్ ఉంది. ఒకరి కెటిల్లో టీ ఇంకొకరు ఇంతవరకూ తాగలేదు.'"

"హహ్హహ్హ! పక్కపక్కనే ఉండి! ఎక్కడ పట్టావమ్మా ఈ ఆణిముత్యాల్ని? మొదటి గుంపంటే సరే, మన ఆరోగ్య కేంద్రం వాళ్ళు. డాక్టరు, సిస్టరు, మందులిచ్చే ఆయన, ఇంటింటికీ తిరిగే ఆవిడ. రోగిని మధ్యలో కూర్చోబెట్టుకుని అందరూ కలిసి మాట్లాడతారు. అది జట్టు వైద్యం. కానీ పోల్చి చూడ్డానికి జట్టు కాని గుంపొకటి కావాలంటే ఏ ఆసుపత్రీ ముందుకు రాలేదు కదా."

"ఎవరొస్తారు సార్, 'మాకొకరంటే ఒకరికి పడదు, వచ్చి రాసుకోండి' అని."

"మరి వీళ్ళెలా ఒప్పుకున్నారు?"

"అదే సార్ చెబుదామని..."

"ఆగాగు. ముందు మన కమిటీలో మందుల శాస్త్రం ఆయనకి చెప్పిరా, మూడో పట్టికలో ఆయన అంకెలు తప్పని."

"ఆయన ఈ గోడవతలే ఉన్నారు సార్. మీరు కాస్త గట్టిగా అంటే వినబడుతుంది."

"నాకు తెలీదా? ఆయన తుమ్మితే ఇక్కడ నేను ఉలిక్కిపడుతున్నాను. అయినా నేను చెప్పను. నువ్వు చెప్పు. నీ ఉద్యోగం పేరేంటి? సమన్వయం. నువ్వు చేస్తావు, మేం చేయించుకుంటాం. నా అనుభవంలో, మధ్యలో ఓ మనిషి ఉంటేనే పని మర్యాదగా సాగుతుంది."

"పొద్దున ఆయన కూడా ఓ కబురు చెప్పమన్నారు సార్. మూడో పట్టికలో మీ అంకెలు తప్పని."

"చెప్పావా?"

"ఇప్పుడు చెబుతున్నాను."

"సరే. పట్టిక అలాగే ఉండనీ. నిన్న సభలో జట్టు వైద్యం మీద నా ప్రసంగం ఎలా ఉంది?"

"బాగుంది సార్. అందరికీ కృతజ్ఞతలు చెప్పారు. నర్సింగ్ మేడమ్ పేరొక్కటే మర్చిపోయారు."

"మర్చిపోలేదు. ఊఁ, ఇంకా చదువు. వాళ్ళ మీటింగుల సంగతి."

"'ఏడాదిగా జరిగిన మీటింగుల్లో రోగి అన్న మాట ఎవరి నోటా రాలేదు. నడిచిన చర్చ ఒక్కటే, వ్యాసం మీద ఎవరి పేరు ముందుండాలని. అది ఇంకా తేలలేదు.'"

"సిగ్గు లేదూ! పేరు కోసం ఏడాదా! మన నర్సింగ్ మేడమ్‌ని తీసుకెళ్ళి ఆ గుంపులో పడేస్తే అతికినట్టు సరిపోతుంది, కదూ?"

"సరిపోతారు సార్."

"ఇది బంగారం అమ్మాయ్. ఈ నివేదిక సాయంత్రం అయిదు కల్లా నిధుల సంస్థకి చేరాలి. చేరకపోతే?"

"అధ్యయనం ఆపేస్తామన్నారు సార్. ఆపేస్తే ఆరోగ్య కేంద్రంలో సిస్టర్నీ, ఇంటింటికీ తిరిగే ఆవిణ్ణీ తీసేస్తారు. వాళ్ళ జీతాలు ఇందులోవే."

"నీకెందుకమ్మా అంత బెంగ? నీ బంధువులా?"

"మా అమ్మ అక్కడికే వెళుతుంది సార్. షుగరు. కాలికి పుండు లేస్తే పెద్దాసుపత్రిలో పాదం తీసెయ్యాలన్నారు. కేంద్రంలో సిస్టరు చూసి డాక్టర్ని పిలిచింది, డాక్టరు మందులిచ్చే ఆయన్ని పిలిచారు, ఇంటింటికీ తిరిగే ఆవిడ మా ఇంటికొచ్చి అమ్మ చెప్పులు పట్టుకుని చూసింది. చెప్పే కరుస్తోందట. ఇప్పుడా కాలితోనే నడిచెళ్ళి మందులు తెచ్చుకుంటోంది."

"అరె, ఇదెందుకు రాయలేదు?"

"రాశాను సార్. సొంత గొడవలొద్దని మీరే కొట్టేశారు."

"ఆఁ, నిజమే. శాస్త్రంలో అమ్మలుండరు. సరే, పంపించెయ్."

"సార్, మీరొక్కసారి చివరిదాకా చూస్తే..."

"కమిటీలో మిగతా నలుగురూ చూశారా?"

"ఎవరి గదిలో వాళ్ళు చూశారు సార్."

"ఏమన్నారు?"

"మీలాగే నవ్వారు. పంపమన్నారు."

"ఆ నలుగురూ సరేనన్నాక నేను ఆపితే నన్ను ఆడిపోసుకుంటారు. నొక్కు."

"సార్, తర్వాత మీరు..."

"నొక్కమంటున్నానా!"

"నొక్కాను సార్. వెళ్ళిపోయింది."

"శభాష్. ఇప్పుడు తీరిగ్గా విందాం. ఆ గుంపు నాయకుడెలాంటివాడు?"

"'నాయకుడు, గది తలుపు మీద తన పేరు చిన్నదిగా కనబడుతోందని చెరిపించి మళ్ళీ రాయించారు.'"

"ఛీ."

"'పక్కగదికి ఏం చెప్పాలన్నా మనిషితో కబురంపుతారు.'"

"ఛీఛీ."

"'నోరు విప్పితే, నా అనుభవంలో, అని మొదలుపెడతారు.'"

"నా అనుభవంలో ఇలాంటి నాయకులు..."

"సార్?"

"'నా అనుభవంలో' అనా రాశావు?"

"మంచినీళ్ళిమ్మంటారా సార్?"

"అమ్మాయ్. ఎవరు వీళ్ళు?"

"పోయిన మీటింగులో అడిగాను సార్. 'రెండో గుంపు దొరకట్లేదు, మీకభ్యంతరం లేకపోతే మన కమిటీనే రాసుకుంటాను' అని. లేచి నిలబడి అడిగాను."

"మేమేమన్నాం?"

"'సర్లే, కానివ్వమ్మా' అన్నారు. అప్పుడు పేర్ల గొడవ నడుస్తోంది. నర్సింగ్ మేడమ్ బల్ల చరుస్తున్నారు."

"చదువుకున్నదానివి, ఆమాత్రం తెలియక్కర్లేదూ!"

"మా ఇంట్లో చదువుకుంది నేనొక్కదాన్నే సార్. సరే అంటే సరేననుకున్నాను."

"కొంప ముంచావు కదమ్మా! ఏవండోయ్! మందులాయనా! గోడవతల, మిమ్మల్నే! తుమ్మింది చాలు, ఇటు రండి! మేడమ్‌నీ పిలవండి! అందర్నీ తీసుకురండి!"

కాసేపటికి, అదే గది. ఈసారి కమిటీ అయిదుగురూ ఉన్నారు, నర్సింగ్ మేడమ్ కెటిల్‌తో సహా.

"నర్సింగ్ మేడమ్, మీరు నా కుర్చీలో కూర్చోండి."

"పర్లేదు సార్, మాకు నిలబడ్డం అలవాటే. ఇంతకీ నివేదికలో ఆ బల్ల చరిచే ఆవిడ నేనా? సోషల్ వర్క్ ఆవిడేమో అనుకుని పడీపడీ నవ్వాను."

"నేను మిమ్మల్ని పోల్చుకునే నవ్వాను మేడమ్. మా సోషల్ వర్క్‌లో బల్లలు చరచం, కన్నీళ్ళు పెట్టుకుంటాం. మందులాయనా, మీరెందుకు నవ్వారు?"

"మీ నలుగుర్నీ చూసి నవ్వాను. అయిదోవాడెవరో అర్థం కాలేదు."

"గణాంకాలాయనా, మీకూ తెలీలేదా?"

"నేను మాటలు చదవనండీ. సగటు చూసి నవ్వాను."

"చాల్చాల్లెండి. అమ్మాయ్, వెనక్కి తీసుకోవచ్చా?"

"తీసుకోవచ్చు సార్. అయిదింటికి గాని తెరవరు. ఈలోపు మీరు అయిదుగురూ కలిసి ఒక్క ఉత్తరం పంపితే పక్కన పెట్టేస్తారు. కానీ సార్, అప్పుడు కేంద్రం..."

"కేంద్రం సంగతి తర్వాత. రాసుకో. 'మేము అయిదుగురం ఒకే జట్టు. ఒకే కుటుంబం.'"

"'ఒకే ప్రాణం' అని కూడా పెట్టించండి సార్."

"భలే అన్నారు మేడమ్. పెట్టమ్మా."

"నర్సింగ్ మేడమ్, మీ కెటిల్లో టీ ఇంత బాగుంటుందని ఇన్నాళ్ళూ చెప్పలేదే?"

"గోడవతల వాసన కూడా రాలేదా మందులాయనా? తాగండి, ఇంకా ఉంది."

"అమ్మాయ్, రాశావా? 'రెండో గుంపు మీద రాసినదంతా మా సమన్వయకర్త అవగాహన లేక చేసిన పొరపాటు. ఆమెను తొలగించాం.' ఏమండీ, అందరికీ సమ్మతమేనా?"

"అంతే సార్."

"అంతేనండీ."

"మరే, అంతే."

"సగటున అంతే."

"చూశావా! అయిదుగురిదీ ఒకే మాట! ఇంత తొందరగా ఎప్పుడైనా తేల్చామా?"

"ఎప్పుడూ లేదు సార్. నేను చూడ్డం ఇదే మొదటిసారి."

"అదీ జట్టంటే. మధ్యలో ఒక సమస్యని కూర్చోబెట్టుకుని అందరం కలిసి మాట్లాడుకున్నాం."

"అవును సార్. నన్ను."

"ఊఁ. నీకు ఇంకో ఉద్యోగం దొరుకుతుందిలే. టైమెంతయింది?"

"అయిదవుతోంది సార్."

"అయ్యో, కానీ కానీ! ఓసారి చదివి పంపెయ్."

"'మేము అయిదుగురం ఒకే జట్టు, ఒకే కుటుంబం, ఒకే ప్రాణం.' అంతా వచ్చింది సార్, నన్ను తొలగించింది కూడా. కింద మీ పేర్లొక్కటే మిగిలాయి."

"పెట్టి పంపెయ్యమ్మా, ఇంకా చూస్తావేం?"

"పంపేస్తాను సార్. ఎవరి పేరు ముందు పెట్టమంటారు?"