పగడపు తొట్టిలో నాచును గెలిచిన రుక్మణి గారు

1991 జూలై 8వ తేదీన, రసాయనశాస్త్ర పట్టభద్రురాలైన శ్రీమతి ఎస్. రుక్మణి గారు రాజపాళయంలోని మన నూలు మిల్లు ప్రయోగశాలలో సహాయకురాలిగా చేరారు. సత్రపట్టి నుంచి టౌన్ బస్సులో వచ్చి, నూలు తెగకుండా గాలికి తేమనిచ్చే యంత్రపు నీటిని తొలిరోజే పరీక్షించి, అందులో ఉప్పు ఎక్కువైందని పైఅధికారికి నిర్భయంగా విన్నవించారు.

2004లో నీటి శుద్ధి విభాగానికి అధిపతి అయ్యారు. బోర్లు అడుగంటిన వేసవులలో సైతం యంత్రాలు ఆగకుండా చూసిన దక్షత వారిది.

అయితే వారి పేరు వింటే మనకు ముందుగా జ్ఞాపకం వచ్చేది పగడపు తొట్టే. 2022లో మన యజమాని శ్రీ హరిహరన్ గారు అతిథుల హాలులో సముద్రపు నీటి తొట్టి ఏర్పాటు చేయించి, సజీవమైన పగడాలను, రంగుల చేపలను అందులో ఉంచి, వాటి సంరక్షణను రుక్మణి గారికి అప్పగించారు. ఆ రోజు వారి సంతోషానికి అవధులు లేవు. కొద్ది నెలలకే జుట్టులాంటి పచ్చని నాచు రాళ్లను కప్పేసింది, పగడాలు ముడుచుకుపోయాయి. మందు పోయమని అమ్మినవారు సలహా ఇచ్చినా, పగడాలకు హాని కలుగుతుందని రుక్మణి గారు అంగీకరించలేదు. చేత్తో పీకారు, దీపాల వేళ తగ్గించారు, శుద్ధి చేసిన నీరే పోశారు. నాచు మళ్లీ మళ్లీ మొలిచింది. ఈ మాసంలోగా నాచు పోకపోతే తొట్టిని ఎత్తివేద్దామని యజమాని తేల్చి చెప్పారు.

ఒక ఉదయం యజమాని అతిథులకు చేపలను చూపుతూ చిటికెడు మేత వేయడం రుక్మణి గారి కంటబడింది. వెనువెంటనే రిసెప్షన్‌లోని పుష్పం ఒక చిటికెడు, సెక్యూరిటీ అరుళ్ మరొకటి. అందరిదీ ప్రేమే. యజమాని తప్పును యజమానికే చెప్పాలి. అతిథులు వెళ్లేదాకా ఆగి, దగ్గరికి వెళ్లారు.

"అయ్యా, రాళ్ల మీది ఈ పచ్చ పాసికి ఎరువు మనమే వేస్తా ఉండాము."

"మనమా? ఎవరు వేసినారు?"

"తమరు వేసినారు, పుష్పం వేసింది, అరుళ్ వేసినాడు. పొద్దున నేనూ వేసినాను. మీనులు తినంగా మిగిలింది కుళ్ళి పాసికి పోతా ఉంది."

హరిహరన్ గారు నవ్వేశారు. "అట్లయితే మేత డబ్బాను నీ మేజాలో పెట్టి బీగం వేయమ్మా. నేను అడిగినా ఇయ్యొద్దు."

నాటినుంచి చేపలు తినగలిగినంతే మేత. అడుగున కుళ్లినదంతా గొట్టంతో లాగేశారు. కొంచెం కొంచెంగా నీరు మార్చారు. నాచు మేసే సముద్రపు నత్తలను వదిలారు. పచ్చని పోగులు పాలిపోయి, ముట్టుకుంటే ఊడివచ్చాయి. మాసం ముగియకముందే ఒక ఉదయం పుష్పం ప్రయోగశాలకు పరుగున వచ్చింది. "రుక్మణక్కా, వచ్చి చూడండి, పువ్వు మాదిరి విచ్చుకునింది."

షిఫ్టు ముగించి, తలల మీద దూదితోనే కార్మికులు గుమిగూడారు. ముడుచుకున్న పగడం వేళ్లు చాచి నీటిలో ఊగుతోంది. రుక్మణి గారు అద్దానికి చెయ్యి ఆనించి నిలబడిపోయారు. తొట్టిని ఎత్తివేయాలన్న మాట మరి ఎవరూ ఎత్తలేదు.

ఈ నెలాఖరున పదవీ విరమణ చేస్తున్న రుక్మణి గారు ఇంతవరకు సముద్రంలోని పగడాలను చూడనే లేదు. వచ్చే వారం కుమార్తె మోనిషతో కలిసి రామేశ్వరం తీరాన అద్దపు అడుగున్న పడవ ఎక్కబోతున్నారు. ఆ నీటి లోతులన్నీ తనివితీరా చూసేందుకు నిర్మలమైన చూపును, చక్కని ఆరోగ్యాన్ని, నిండు నూరేళ్ల ఆయుష్షును భగవంతుడు వారికి అనుగ్రహించుగాక.